పెట్టెకు తొడిగిన మేజోడు

నోలీన్ ట్రెజీస్ ఇంటి వెనక రేకుల షెడ్డులో పాడైపోయినది అంటూ ఏదీ ఉండదు, ఇంకా బాగుచెయ్యనివి మాత్రం ఉంటాయి. ఆస్ట్రేలియాలో గనుల ఊరైన బ్రోకెన్ హిల్‌లో మా కోబాల్ట్ వీధి వాళ్లు రేడియో బొంగురుపోయినా, బట్టల మెషిన్ గంతులేసినా ముందు ఆవిడ గేటు తడతారు. డెబ్భై నిండటానికి ఇంకో ఏడాది ఉంది. చేతులు వణకవు, నోరు ఆగదు.

ఇరవై ఒకటో ఏట ఆవిడ రేడియోలు బాగుచేసే కొట్లో పనిచేసేది. పెళ్లయింది, పని పోయింది. పెళ్లయిన ఆడది ఉద్యోగం చెయ్యకూడదని అప్పట్లో ఊరి కట్టుబాటు. అది పెట్టింది కార్మిక సంఘాలే. సంఘాలంటే నాకు గౌరవం, కాని ఈ ముక్క దాచిపెట్టి చూపించే గౌరవం ఎందుకూ కొరగాదు. కట్టుబాటు పోయాక నోలీన్ గొర్రెల లారీ ఎక్కి ఇరవై రెండేళ్లు నడిపింది. దిగేటప్పుడు లారీ నుంచి ఒక అలవాటు తెచ్చుకుంది. మా వైపు ఎర్రదుమ్ము దారుల్లో, ఇంజన్ గాలి పీల్చే గొట్టానికి ఆడవాళ్ల పల్చని నైలాన్ మేజోడు తొడుగుతారు. దుమ్ము దాని మీదే ఆగిపోతుంది. లారీ వదిలేసినా నోలీన్ మేజోడు వదల్లేదు. ఇంట్లో ఫ్యాను ఉన్న ప్రతి వస్తువుకీ ఒకటి తొడిగి ఉంటుంది. అది ఉన్నట్టు ఆవిడకే గుర్తుండదు.

రెండిళ్ల అవతల తమ్ముడు డెస్ ఒంటరిగా ఉంటాడు. గనిలో ముప్ఫై ఏళ్లు డ్రిల్లు పట్టిన మనిషి. మార్చిలో పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. కాలు మెల్లగా కోలుకుంది, చెయ్యి కోలుకోలేదు. అడిలైడ్ నుంచి నెలకోసారి విమానంలో ఫ్రెయా అనే ఫిజియోథెరపిస్టు వస్తుంది. నూట నలభై ఏళ్లుగా ఈ నేల తవ్వి వెండీ సీసమూ జింకూ పట్టుకుపోయారు. తవ్వినవాడి చెయ్యి పడిపోతే చూడటానికి నెలకి ఒక పూట ఒక అమ్మాయిని పంపుతారు.

ఫ్రెయా పిసకమని ఇచ్చిన రబ్బరు బంతిని డెస్ కుక్కకి వేశాడు. అతనికి నచ్చిన వ్యాయామం ఒకటే. ఇరవై ఏళ్లుగా ఆదివారం భోజనాలయ్యాక అక్కాతమ్ముళ్లు టీవీకి తగిలించిన గేమ్ పెట్టె మీద కార్ల పందెం ఆడుకునేవాళ్లు. దాంట్లో కారు తిప్పేది ఎడమ బొటనవేలు. ఫ్రెయా అది చూసి, "రోజూ అరగంట ఆడండి డెస్ గారూ, బంతి కుక్కకే ఉంచండి" అంది. ఆగస్టుకల్లా వేలు కదిలింది. సెప్టెంబరులో గేమ్ పెట్టె చచ్చిపోయింది. వేళ్లు మళ్లీ లోపలికి ముడుచుకోవడం మొదలైంది.

అక్టోబరులో వచ్చినప్పుడు ఫ్రెయా ఒక ఫారం చూపించింది. వచ్చే నెల రెండో గురువారం పరీక్ష. చొక్కా గుండీలు పెట్టుకోవాలి, కప్పు పట్టుకోవాలి, రొట్టెకి వెన్న రాసుకోవాలి. చేతకాకపోతే ఒంటరిగా ఉండనివ్వరు, అడిలైడ్‌లో వృద్ధుల ఆశ్రమానికి పంపుతారు. ఐదువందల కిలోమీటర్ల దూరం.

"నా దగ్గరికొచ్చి ఉండరా, గొడవ వదిలిపోతుంది" అంది నోలీన్.

"నీ ఇంట్లో మనిషి పడుకునే చోటేదక్కా? మంచాల మీద టీవీలు పడుకున్నాయిగా" అన్నాడు డెస్.

గేమ్ పెట్టెలో కాలిపోయిన చిప్పు ఎంత వెతికినా దొరకలేదు, అలాంటి పెట్టె ఇప్పుడు ఎవరూ తయారుచెయ్యరు. నోలీన్ ఊరి చెత్తదిబ్బ పక్కనున్న పాతసామాన్ల కొట్టుకి వెళ్లి, ఏదో ఆఫీసు పారేసిన కంప్యూటర్ మోసుకొచ్చింది. కొత్తగా ఉన్నప్పుడే చవకరకం. కొత్త ప్రోగ్రాములు దీనిమీద నడవవని చెప్పి పారేశారు. చవకది కొనుక్కునేవాళ్ల చేతికి త్వరగా చచ్చేదే ఇస్తారు, చచ్చాక మళ్లీ కొనమంటారు. నోలీన్‌కి ఆ మాట చెబితే, "వాళ్లు చచ్చిందనగానే నేను నమ్మాలా?" అంటుంది.

రెండు వారాలు దాని మీదే కూర్చుంది. గిర్రున తిరిగే పాత హార్డ్ డిస్కు తీసేసి, తిరిగే పని లేకుండా చకచకా నడిచే ఎస్సెస్‌డీ పెట్టింది. ఒక్క ర్యామ్ ముక్క ఉన్నచోట జతగా రెండోది వేసింది. ఇంకో కంప్యూటర్ నుంచి ఊడదీసిన చిన్న గ్రాఫిక్స్ కార్డు బిగించింది. ఉచితంగా దొరికే తేలికపాటి సిస్టమ్ ఎక్కించి, దాని మీద ఎమ్యులేటర్ పెట్టింది. అంటే కంప్యూటర్ చేత పాత గేమ్ పెట్టె వేషం వేయించే ప్రోగ్రాం. ఆట డిస్కు వాళ్లు ఇరవై ఏళ్ల కిందట కొనుక్కున్నదే. మూత బిగించి, అలవాటు ప్రకారం ముందు గాలి రంధ్రాలకు మేజోడు లాగి తొడిగింది. దుమ్ము కాలం కదా అని రెండు పొరలు.

ఆదివారం వేపిన గొర్రె మాంసం, చీజూ క్యారెట్టూ తురిమి కలిపిన సలాడూ తిన్నాక డెస్ కూర్చున్నాడు. మొదటి పందెం నీళ్లలా సాగింది. రెండో పందెం సగంలో బొమ్మ ఆగి ఆగి కదిలింది. మలుపు వచ్చింది, డెస్ వేలు తిప్పింది, కారు మాత్రం ఒక క్షణం ఆలస్యంగా తిరిగి చెట్టుకు గుద్దుకుంది. మళ్లీ ఆడాడు. మళ్లీ చెట్టే.

"ఆ చెట్టుకి నీ మీద ఏం పగరా?" అంది నోలీన్.

డెస్ నవ్వలేదు. "చెయ్యి అందుకోవట్లేదక్కా."

"చెయ్యి కాదు, మెషినే నత్తినత్తిగా పోతోంది. చూస్తాలే."

సోమవారం ర్యామ్ ముక్కలు అటుదిటు, ఇటుదటు మార్చింది. మంగళవారం బొమ్మ నాణ్యత పాత టీవీ స్థాయికి దించింది. కార్డు తీసి మళ్లీ పెట్టింది. ప్రతిసారీ మొదటి పది నిమిషాలు బాగా నడిచేది, తరవాత అదే నత్తి. తను కూర్చుని ఆడి చూస్తే తన కారూ చెట్టుకే పోయింది.

"చూశావా, నాదీ చెట్టే" అంది.

"నువ్వు ముందునుంచీ చెట్లకే పోతావు. ఇరవై ఏళ్లలో ఒక్కసారి గెలిచావా?" అన్నాడు డెస్. ఆ తరవాత గొంతు దించాడు. "వదిలెయ్యక్కా. ఆ చెయ్యి ఇంతే. గురువారం ఆ అమ్మాయికి నేనే చెప్పేస్తా, పంపించెయ్యమని."

నోలీన్ కుర్చీ లాక్కుని మళ్లీ స్క్రూడ్రైవర్ అందుకుంది.

నవంబరంటే మాకు ఎండాకాలమే, బుధవారం మధ్యాహ్నం నలభై రెండు డిగ్రీలు. షెడ్డులో డెస్ ఊరికే బల్ల దగ్గర కూర్చున్నాడు. కంప్యూటర్ నడుస్తూ ఉంది, నోలీన్ ఏదో పరీక్ష పెట్టింది. అతని ఎడమ చెయ్యి బల్ల మీద నుంచి జారి పెట్టె మూత మీద పడింది. ఉన్నట్టుండి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఇదేంటక్కా, ఇంత కాలిపోతోంది?"

నోలీన్ స్క్రూడ్రైవర్ కింద పెట్టింది. "ఏ చేత్తో ముట్టుకున్నావు?"

డెస్ తన చేతివంక చూసుకున్నాడు. ఎనిమిది నెలలుగా ఆ చేతికి వేడీ తెలియదు, చలీ తెలియదు.

"ఇంకోసారి ముట్టుకో" అంది.

"కాల్చుకోమంటావా?"

"ముట్టుకోరా సన్నాసీ."

ముట్టుకున్నాడు, లాక్కున్నాడు. మూడోసారీ ముట్టుకున్నాడు. నోలీన్ ముక్కు చీదుకుని, అప్పుడు పెట్టె సంగతికి వచ్చింది. అంత వేడి ఎందుకు? వేడెక్కితే ప్రాసెసర్ మాడిపోకుండా తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. పది నిమిషాలకి ఆ నత్తి అందుకేనా? ఫ్యాను తిరుగుతోంది. మరి గాలి? వంగి ముందువైపు చూసింది.

మేజోడు ఎర్రగా, అట్టలా బిగుసుకుపోయి ఉంది. లాగితే పెంకులా ఊడింది. మూత తీసి చూస్తే లోపల అద్దంలా శుభ్రంగా ఉంది.

"దుమ్ము చూశావా, ఒక్క రవ్వ పోలేదు" అంది నోలీన్ నీరసంగా.

"గాలీ పోలేదుగా" అన్నాడు డెస్.

"నీ చెయ్యి కాదురా. నా మేజోడు."

డెస్ చాలాకాలానికి పగలబడి నవ్వాడు. "నలభై ఏళ్లు లారీలు కాపాడిన మేజోడు నన్ను ఆశ్రమానికి పంపబోయిందన్నమాట."

"ఇరవై రెండేళ్లు. లెక్క సరిగ్గా చెప్పు."

ప్రాసెసర్ వేడిని బయటికి లాగడానికి రాసే పేస్టు ఎండిపోయి ఉంటే అదీ గీకి కొత్తది రాసి, మేజోడు లేకుండా ఆన్ చేసింది. సాయంత్రం దాకా డెస్ ఆడుతూనే ఉన్నాడు. ఆ చెట్టు పక్కనుంచి కారు పదకొండుసార్లు దూసుకుపోయిందని వీధంతా చెప్పుకున్నాడు.

గురువారం ఫ్రెయా వచ్చింది. కప్పు పట్టుకున్నాడు. వెన్న రాశాడు, రొట్టెకి కొంచెం, బల్లకి ఎక్కువ. నాలుగు గుండీలు పెట్టి ఐదోదాని దగ్గర ఆగిపోయాడు.

"అది నాకూ పట్టదు, కుట్టినవాణ్ణి అనాలి" అంది నోలీన్ పక్కనుంచి.

"మీకు పరీక్ష లేదు నోలీన్ గారూ" అంది ఫ్రెయా. ఫారంలో రాసి చూపించింది: ఇంట్లోనే ఉండవచ్చు, మూడు నెలలకు మళ్లీ పరీక్ష. విమానానికి ఇంకా టైముందంటే డెస్ ఆమెని కూర్చోబెట్టి మూడు పందాలు ఓడించి పంపాడు.

ఇప్పుడు ఆ పెట్టె ముందు దోమతెర ముక్క ఒకటి ఉంది. ప్రతి ఆదివారం ఆటకు ముందు దాన్ని విప్పి దులిపే పని డెస్‌ది, అదీ ఎడమ చేత్తోనే అని నోలీన్ షరతు. దులపడానికి వాడే రంగుల బ్రష్షు ఆ వేళ్ల మధ్య రెండుసార్లయినా జారుతుంది. నోలీన్ టీ కప్పుతో కుర్చీలో కూర్చుని, "కానీరా, చెట్టు ఎదురుచూస్తోంది" అంటుంది. డెస్ వంగి బ్రష్షు తీసుకుంటాడు, ఆ చేత్తోనే.