మూడో ముద్దు

బెల్‌గ్రేడ్‌లోని బొమ్మల సినిమాల స్టూడియోలో బొమ్మలు గీసే దోబ్రిలాకు అరవై దాటాయి. అయినా తన మెడ అద్దంలో వంచి చూసుకోనిదే కాగితం మీద ఏ మెడా గీయదు. ఇప్పుడు గీస్తున్నది మనుషులు యంత్రాల్లో కలిసిపోయే సినిమా. సగం ఇనుమైన అన్న ఏళ్ల తర్వాత చెల్లెల్ని కలిసే చోట, దర్శకుడు ఒగ్నెన్ చెంపల మీద రెండు ముద్దులతో సరిపెట్టాడు.

"టైం లేదత్తా. యంత్రానికి రెండు చాలు."

"ఇనుమైతే మాత్రం మనవాడు కాకుండా పోతాడా? మూడు పెట్టందే మన సెర్బుల్లో పలకరింపేంట్రా?"

ఆదివారాలు కూర్చుని మూడో ముద్దు తానే గీసింది. మొదటి ఆటలో ఇనుప మెడ మూడోసారి వంగగానే హాలంతా చప్పట్లు మోగాయి. ఒగ్నెన్ పరుగున వచ్చి, దోబ్రిలాకు రెండు ముద్దులు పెట్టి, హడావుడిగా వెళ్లిపోబోయాడు. ఆమె అతని చొక్కా పట్టుకుని ఆపి, తలెత్తి చెంప చూపించింది.

"నువ్వూ యంత్రానివేంట్రా?"