బొట్టు లేని షాటు

నేను బందరులో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి. రెండు వేల సంవత్సరం దాటాక మా కాలేజీకి పది కంప్యూటర్లు, ఒక ప్రొజెక్టరు, చేతిలో ఇమిడే వీడియో కెమెరా ఒకటి వచ్చాయి. వాటితోపాటు ఒక కొత్త పేపరు కూడా వచ్చింది. మాట, బొమ్మ, సంగీతం కలిపి చిన్న చిత్రం తయారుచేసి, చూసినవాళ్లను ఏదైనా ఒక విషయానికి ఒప్పించడం పిల్లలకు నేర్పాలి. ఇంగ్లీషు లెక్చరర్లు తప్పుకున్నారు. వక్తృత్వ పోటీలకు పిల్లల్ని తయారుచేసేది నేనే కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది. పడిందని అందరితో అన్నానే గానీ, లోపల సంబరపడ్డాను.

నాకు కంప్యూటరు రాదు. పెళ్లి వీడియోలు మిక్సింగు చేసే ఒకాయన షాపులో సాయంత్రాలు కూర్చుని నేర్చుకున్నాను. ఆయన మొదటి రోజే ఒక మాట చెప్పాడు.

"మాటలు తర్వాతండీ మేష్టారూ. ఏ బొమ్మ పక్కన ఏ బొమ్మ పెట్టామన్నదే లెక్క. పెళ్లికూతురు తల దించిన షాటు పక్కన తాళి పెడితే సిగ్గు. అదే షాటు పక్కన అప్పగింతలు పెడితే ఏడుపు. ఆ పిల్ల మాత్రం తల దించింది ఒక్కసారేనండీ."

దాన్ని మర్నాడు క్లాసులో నా సొంత మాటలా చెప్పాను.

ఆ క్లాసులో దివిసీమ అమ్మాయి ఒకామె ఉండేది. నాగాయలంక దాటాక సముద్రపు ఒడ్డున వాళ్ల పల్లె. తండ్రి పడవ మీద వేటకు వెళ్తాడు. తల్లి చేపల గంప ఎత్తుకుని అవనిగడ్డ వెళ్లి అమ్ముకొస్తుంది. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కింది ఈమే మొదలు. హాస్టల్లో ఉండి చదువుకునేది. ఆమె ఎంచుకున్న విషయం నాకు బాగా నచ్చింది. గాలివాన వస్తోందని ఒడ్డున ఉన్నవాళ్లకు తెలుస్తుంది గానీ, నీళ్ల మీద ఉన్నవాళ్లకు తెలియదు. పడవకొక రేడియో ఇప్పించమని అధికారులను ఒప్పించాలి.

సెలవులకు కెమెరా ఇచ్చి ఇంటికి పంపాను. తల్లితో మాట్లాడించి తీసుకొచ్చింది. ఆ తల్లి కెమెరా ముందు నవ్వుతూనే ఉంది. "రేడియో ఇస్తే మీ నాన్న పాటలు పెట్టుకుని అక్కడే ఉండిపోతాడే. కూడు ఎవరు తింటారు?" అంది. క్లాసంతా నవ్వింది. ఆ ముక్క పనికిరాదన్నాను. నవ్వేవాళ్ల కష్టం ఎవరూ నమ్మరన్నాను.

టేపు చివర, కెమెరా పనిచేస్తోందో లేదో చూడటానికి తీసిన షాటు ఒకటి ఉంది. తల్లి తలంటుకుని, పెరట్లో జుట్టు ఆరబోసుకుని, సముద్రం వైపు చూస్తూ కూర్చుంది. ఇంకా బొట్టు పెట్టుకోలేదు. నేను ఆ షాటు తీసుకున్నాను. దాని పక్కన, తారు పూయడానికి ఇసుకలోకి లాగిన ఖాళీ పడవ పెట్టాను. వెనక వేణువు పెట్టాను.

షాపులో వాటిని కలుపుతున్న మిక్సింగు ఆయన చెయ్యి ఆపాడు. "ఈ షాటులో ఆవిడకు బొట్టు లేదండీ. మేమైతే ఇలాంటివి కోసి పారేస్తాం. తర్వాత తిట్లు తినాల్సొస్తుంది."

"ఉండనివ్వండి" అన్నాను.

అమ్మాయి కూడా చెప్పింది. "సార్, అది అమ్మ తలంటుకున్నప్పుడు తీసిందండీ. చూసినవాళ్లు ఇంకోలా అనుకుంటారేమో."

"ఎలా అనుకుంటారు?"

ఆమె ఏమనబోతోందో నాకు తెలుసు. ఆ మాట ఆమె నోటికి రాదనీ తెలుసు. తండ్రి బతికుండగా ఏ కూతురు అంటుంది?

"ఇందులో మనం ఒక్క అబద్ధమైనా చెప్పామా?" అని అడిగాను.

"లేదు సార్."

"మరింకేం."

గుడివాడలో కాలేజీల మధ్య పోటీ జరిగింది. మా చిత్రం ఆడుతున్నంతసేపూ హాల్లో దగ్గు కూడా వినపడలేదు. మొదటి బహుమతి వచ్చింది. కిందికి దిగుతుంటే ఒక పెద్దావిడ అమ్మాయి తల నిమిరి, "నాన్న లేడని దిగులు పడకమ్మా, బాగా చదువుకో" అంది. అమ్మాయి నా వైపు చూసింది. నేను సర్దుకోవలసిన వైర్ల వైపు చూశాను.

మన దివిసీమ పిల్లకు బహుమతి వచ్చిందని నాగాయలంక కేబుల్ అతను ఎవరి దగ్గరో సీడీ సంపాదించి, ఒక సాయంత్రం పల్లెలన్నిటికీ వేశాడు. ఆ సమయానికి ఆమె తండ్రి వేటలో ఉన్నాడు. మగవాడు నీళ్ల మీద ఉన్నంతకాలం ఆ తల్లి బొట్టు లేకుండా వీధి గుమ్మం దాటేది కాదట. అలాంటి మనిషిని ఊరంతా బొట్టు లేకుండా, ఖాళీ పడవ పక్కన చూసింది. పక్క ఊళ్లలో ఉన్న చుట్టాలు ఆయన పోయాడనే అనుకుని ఏడుస్తూ వచ్చారు. మూడో రోజు పడవ తిరిగొచ్చింది. ఆయనకేమీ కాలేదు. కానీ అమ్మాయి చదువు ఆగిపోయింది. హాస్టలు నుంచి పెట్టె కూడా తీసుకెళ్లిపోయారు.

పది రోజులు చూసి నేనే వెళ్లాను. దారి పొడుగునా ఏం చెప్పాలో తయారు చేసుకున్నాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో కూడా అనుకున్నాను. నాకు వచ్చిన విద్య అదే కదా.

తల్లి కుర్చీ వేసింది. తను నిలబడే అడిగింది. "మీరు చదువుకున్నోళ్లండీ. ఆయన నీళ్ల మీదుంటే నన్నలా చూపిత్తారా? మీకు ఆడోళ్లు లేరా ఇంట్లో?"

తప్పు నాదేనని చెప్పాలి. నోటి దాకా వచ్చింది. ఇలాంటి మాట ప్రిన్సిపాలు చెవిన పడితే ఆ పేపరు, ఆ కంప్యూటర్ల గది నా చేతిలోంచి పోతాయని గుర్తొచ్చింది.

"కంప్యూటర్లో కలిపేటప్పుడు బొమ్మలు తారుమారయ్యాయమ్మా. మిషను పొరపాటు. మేమూ చూసుకోలేదు."

ఆమె కూతురి వైపు తిరిగింది. "మిషనేనా?"

అమ్మాయి నేల చూస్తూ "అవునమ్మా" అంది.

బస్సు దాకా అమ్మాయి నాతో నడిచింది. సోమవారం నుంచి రమ్మన్నాను.

"అమ్మ పంపితే వస్తాను సార్. మీ క్లాసుకు మాత్రం రానండీ." బస్సు కనపడగానే, "నా చేత కూడా చెప్పించారు" అంది.

ఆమె వచ్చింది, డిగ్రీ పూర్తి చేసింది. వరండాలో ఎదురుపడితే నమస్కారం పెట్టి వెళ్లిపోయేది. ఆడిన అబద్ధం వల్ల ఒక పిల్ల చదువు నిలబడింది కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మంచి చిత్రం ఎలా ఉండాలో చూపించడానికి ఆ సీడీనే ఏటా కొత్త పిల్లలకు వేసేవాణ్ణి. ఇప్పుడు తలచుకుంటే, ఆ షాటు పెట్టడం కంటే దాన్ని ఏటా వేయడమే ఎక్కువ సిగ్గనిపిస్తుంది.

మూడో ఏడు, చిత్రం అయిపోయాక బంటుమిల్లి నుంచి వచ్చే కుర్రాడొకడు లేచి, "ఆవిడ భర్త ఎలా చనిపోయాడు సార్?" అని అడిగాడు. "చనిపోలేదు" అన్నాను. "మరి?" అన్నాడు. సీడీ బయటికి తీసి, క్లాసు ముందే వదిలేశాను.

ఆ ఆదివారం బస్సెక్కి ఆ పల్లెకు వెళ్లాను. ఈసారి ఏమీ తయారు చేసుకోలేదు. భార్యాభర్తలిద్దరూ ఇంటి ముందు వల పరుచుకుని చిరుగులు కుడుతున్నారు.

ఆయన తలెత్తి భార్యతో, "ఈయనేనా నన్ను చంపిన మేష్టారు?" అన్నాడు.

"ఈయనే. చంపినా చావలేదుగా, ఇంకా నా నెత్తినే ఉన్నావు" అంది ఆమె.

నేను నిలబడే చెప్పాను. మిషను పొరపాటు కాదని, కావాలనే చేశానని, మీ అమ్మాయి వద్దన్నా వినలేదని. మాటలు అతుకులు అతుకులుగా వచ్చాయి.

"తెలుసండీ" అంది తల్లి, సూది ఆపకుండా. "ఆ రోజు మీ బస్సు కదలగానే ఇంటికొచ్చి చెప్పేసింది. మేష్టారు మిషను మీదికి నెట్టేశారు, నేనూ నెట్టేశానే అమ్మా అని ఏడ్చింది."

"తెలిసి కూడా కాలేజీకి పంపారా?"

"అది నిజం చెప్పింది కదండీ. అందుకే పంపాను. మీ మాట విని పంపాననుకున్నారా?"

నేను అలాగే అనుకున్నాను. మూడేళ్లు.

అమ్మాయి గుడివాడలో ఒక చిన్న స్కూల్లో పాఠాలు చెబుతోందన్నారు. వెళ్లి క్షమించమని అడుగుతాను, ఎక్కడుంటుందో చెప్పమన్నాను. భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"దాన్ని అడిగి చెబుతామండీ" అన్నాడు ఆయన. "రమ్మంటే కబురు పెడతాం."

కాలేజీ ఫోను నంబరు కాగితం మీద రాసిచ్చాను. ఆయన దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ చిత్రాల పేపరు చెప్పడం మరుసటి ఏడు మానుకున్నాను. కబురు రాలేదు.