ఐదో భాగం మీద మా పిన్ని అభిప్రాయం

మొన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి తన ఫోను నా ముందు పెట్టి, వారం రోజులుగా తాను వదలకుండా చదువుతున్న సీరియల్ నవల చూపించింది. చీకటి బంగ్లా, ఒక హత్య, ప్రేమిస్తున్నాడో చంపబోతున్నాడో తెలియని కథానాయకుడు, భాగానికొక చిక్కుముడి. చివర నక్షత్రాలు, వాటి కింద వందల కొద్దీ పాఠకుల అభిప్రాయాలు. ఇలాంటివాడు నా జీవితంలోకి ఎప్పుడొస్తాడో అని ఒకరు రాస్తే, వీణ్ణి జైల్లో వేయాలని ఇంకొకరు రాశారు, మరొకరు మాటలేవీ లేకుండా ఏడుపు బొమ్మలు వరసగా పెట్టారు. మీరు బాగా చదువుతారు కదక్కా, మీరూ ఒక మాట రాయండి అని అడిగింది. రెండుసార్లు రాసి, రెండుసార్లూ చెరిపేసి ఫోను తిరిగి ఇచ్చేశాను. తిరుపతిలో ఉద్యోగంలో చేరి ఇన్నేళ్లయినా, ఒక పుస్తకం మీద అభిప్రాయం చెప్పమంటే నా వేళ్లు ఇప్పటికీ వెనక్కి పోతాయి.

నేను ఇంటరు చదివింది నగరిలో, మా అమ్మవాళ్ల అమ్మ, అంటే మా అవ్వ దగ్గర ఉండి. ఆ ఇంట్లో నాలుగు మరమగ్గాలు ఉండేవి. అవి ఆడుతున్నంతసేపూ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మాట వినిపించాలంటే అరవాలి. కరెంటు పోయిందంటే చాలు, వీధి వీధంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయేది. నూలు కండెలు చుట్టే ఆడవాళ్లు రాట్నం పక్కకు జరిపి, చీర మడతలోంచో, గూట్లో నూలు చిలపల కట్టల వెనక నుంచో ఒక పుస్తకం తీసేవాళ్లు. మా వీధిలో నవలలన్నీ అలా కరెంటు లేని గంటల్లో చదివినవే. మీలో ఎవరైనా అద్దె పుస్తకాలు చదివి పెరిగి ఉంటే, నలుగురి చేతుల్లో నలిగి మెత్తబడిన ఆ కాగితం వాసన నేను చెప్పక్కర్లేదు.

ఆ పుస్తకాలు బస్టాండుకు పోయే దారిలో చీరలకు ఫాల్ కుట్టే ఒక అక్క దగ్గర దొరికేవి. కుట్టు మిషను వెనక రెండు అరల పుస్తకాలు, తలుపు పక్కన దారంతో వేలాడదీసిన ఒక పొడుగాటి నోటు పుస్తకం. ఆ అక్కది ఒకటే నియమం. చదివిన భాగం మీద రెండు వాక్యాలు రాసి కింద పేరు పెడితేనే తరువాతి భాగం చేతికిచ్చేది. ఏ పుస్తకాలు తెప్పించాలో తెలుసుకోవడానికి అలా పెట్టానని చెప్పేది గానీ, నాకు తెలిసి ఆమెకు ఆ నోటు చదవడమే నవల చదవడం కన్నా ఇష్టం. పుస్తకం కోసం వచ్చినవాళ్లు ముందు ఆ నోటు తిరగేసి, ఎవరేమన్నారో చూసి నవ్వుకుని, అప్పుడు తమది రాసేవాళ్లు.

ఆ సంవత్సరం ఊరిని పట్టుకున్నది ఎనిమిది చిన్న భాగాల నవల ఒకటి. అన్న చావు వెనక ఎవరున్నారో కనుక్కోవడానికి టీ తోటల బంగ్లాకు ఉద్యోగం పేరుతో వచ్చిన అమ్మాయి, ఆమెను అనుమానిస్తూనే ప్రేమించే బంగ్లా యజమాని. మా వీధిలో చాలామందికి చదవడం వచ్చు గానీ రాయడం బద్ధకం, సిగ్గు కూడా. నలుగురిలో నోరు విప్పని నాకు చేతిరాత మాత్రం బాగుండేది కాబట్టి, వాళ్లందరి అభిప్రాయాలూ నేనే మోసుకుపోయి రాసేదాన్ని. ఎవరేం చెప్పినా చెప్పింది చెప్పినట్టు రాసి, వాళ్ల పేరు పెట్టేదాన్ని. నా సొంత అభిప్రాయం మాత్రం ప్రతి భాగానికీ ఒకటే: బాగుంది, తరువాతి భాగం కావాలి. అసలు అనుకున్నదంతా ఇంటికొచ్చి నా డైరీలో రాసుకునేదాన్ని.

అప్పుడే ఆడి మాసం, అంటే ఆషాఢం లాంటిదే, వచ్చింది. మా వైపు కొత్తగా పెళ్లయిన ఆడపిల్లలు ఆ నెల పుట్టింట్లో ఉంటారు కదా, చిత్తూరు నుంచి మా పిన్ని వచ్చింది. అమ్మ చెల్లెళ్లలో చివరిది, నాకన్నా ఏడెనిమిదేళ్లే పెద్దది. వచ్చిన రోజు ఆమె పెట్టె తెరిచి అవ్వ ముక్కు చిట్లించింది. చీరలన్నీ ఆరీ ఆరక ముక్కిన వాసన. చిత్తూర్లో ఎండ కాయదా ఏమి అని అవ్వ వేళాకోళం చేస్తే పిన్ని నవ్వేసి, వాటిని మళ్లీ ఉతికి దండెం మీద వేసింది.

పిన్ని కూడా ఆ నవల పట్టుకుంది. వారంలో ఐదో భాగానికి వచ్చేసింది. ఆ భాగంలో కథానాయకుడు, శత్రువుల కంట పడకుండా ఆ అమ్మాయిని మూడు రోజులు గదిలో పెట్టి బయట తాళం వేస్తాడు. నోటు నిండా ఆ తాళం గురించే. ఎంత ప్రేమ ఉంటే అలా కాపాడుకుంటాడు అని మా వీధివాళ్లే పదిమంది నా చేత రాయించారు. పిన్ని కండెలు చుడుతూ తన మాటా అదే చెప్పింది: తాళం వేయడం చాలా బాగుంది, అందులోనే అతని ప్రేమ తెలుస్తుంది. చెప్పి, రాట్నం ఆపకుండానే, మీ చిన్నాయన కూడా అంతే, పనికి పోయేటప్పుడు బయట గడియ పెట్టి పోతాడు అంది. రాట్నం చప్పుడులో ఆ మాట నేను తప్ప ఎవరూ వినలేదు.

షాపులో నోటు తెరిచి పిన్ని చెప్పిన మొదటి రెండు పదాలు రాశాను. తరువాత నా చెయ్యి వేరేది రాసింది. 'తాళం వేయడం ప్రేమ కాదు. లోపల కూర్చున్నవాళ్లను అడిగితే తెలుస్తుంది.' కింద పిన్ని పేరు పెట్టి, ఆరో భాగం తీసుకుని ఇంటికి వచ్చేశాను. పిన్ని మంచికే రాశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆ మాట నా పేరుతో రాసే ధైర్యం నాకు లేదు, అంతే.

చిన్నాయన వాళ్ల అక్కను నగరిలోనే ఇచ్చారు, మాకు రెండు వీధుల అవతల. ఆమె కూడా ఆ నవల చదువుతోందని నాకు తోచనే లేదు. ఆడి ఇంకో ఐదు రోజుల్లో అయిపోతుందనగా, ఒక పగటిపూట, ఆ నోటు చేత్తో పట్టుకుని నేరుగా లోపలికి వచ్చింది. వచ్చిన వేళకు కరెంటు లేదు. మగ్గాలు ఆడుతూ ఉంటే సగం మాటలు వాటిలో కలిసిపోయేవి. ఆ రోజు గోడ అవతలి వాళ్లకు కూడా ప్రతి అక్షరం వినబడి ఉంటుంది.

"మా తమ్ముడు దీన్ని పువ్వుల్లో పెట్టి సూసుకుంటా ఉంటే, ఊరంతా సదివే నోటులో ఇట్లా రాపిస్తాదా?" అని, ఆ మాట గట్టిగా చదివి, అవ్వ ముందు ఆ పేజీ తెరిచి పెట్టింది. అవ్వకు చదువు రాదు. ఆమె నా వైపు చూసింది.

నేను రాట్నం వెనక కూర్చుని ఉన్నాను. పిన్ని చెప్పలేదు, నేనే రాశాను అనాలి. ఆ నాలుగు మాటలూ అనేస్తే పిన్ని మీద నింద పోతుంది, ఐదు రోజుల తరువాత మామూలుగా చిత్తూరు పోతుంది. పోతే మళ్లీ ఆ గడియ. అనకపోతే చెప్పని మాటకు ఆమె దోషి అవుతుంది. ఏది మంచిదో ఆలోచించి ఊరుకున్నానని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, భయంతో రాట్నం చాటునే ఉండిపోయాను.

పిన్ని లేచి వచ్చి నోటు తీసుకుంది. అంత చిన్న మాటను చాలాసేపు చదివింది. ఒకసారి నన్ను చూసింది. ఆ చూపులో కోపం ఉందేమోనని వెతికాను గానీ నాకేమీ అర్థం కాలేదు.

"నేనే సెప్పినాను వదినా," అంది. "ఆ పిల్ల నేను సెప్పిందే రాసింది."

అవ్వ అప్పటిదాకా చేతిలో పట్టుకున్న నూలు చిలప కింద పెట్టింది. "నిన్ను గూడా లోపల పెట్టి పోయేది నిజమేనా మే?"

"నిజమే మా. ఉతికిన గుడ్డలు గూడా లోపలే ఆరేసుకుంటా."

అవ్వ చూపు దండెం మీది చీరల దగ్గరికి పోయి అక్కడే ఆగింది. కాసేపటికి, ఆడి అయిపోయినా పిల్ల ఈడనే ఉంటాదని చిన్నాయన వాళ్ల అక్కతో చెప్పింది, గొంతు పెంచకుండా. ఆమె నోటు చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. తరువాత పెద్దవాళ్లు రెండు మూడుసార్లు కూర్చున్నారు, చిన్నాయన వచ్చాడు, బతిమాలాడు, అరిచాడు. పిన్ని వెళ్లలేదు.

ఆ నోటు మళ్లీ షాపుకు రాలేదు. అక్క కొత్త నోటు కట్టింది గానీ, అందులో అందరూ నాలాగే రాయడం మొదలుపెట్టారు: బాగుంది, తరువాతి భాగం కావాలి. ఏడో భాగం, ఎనిమిదో భాగం మా ఇంట్లో నేను ఒక్కదాన్నే చదివాను. చివరికి ఆ ఇద్దరికీ పెళ్లవుతుంది. పిన్ని ఆ కథ ఏమైందని నన్ను ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు ఆమె తన మనసులో మాటే చెప్పిందా, లేక తిట్లు నా మీద పడకుండా అడ్డం వచ్చి, వచ్చినందుకు తన బతుకునే మార్చుకుందా అని నేనూ అడగలేదు. ఆమె చెప్పిన వాక్యం, నేను రాసిన వాక్యం, రెండూ పక్కపక్కనే నా డైరీలో ఉన్నాయి.

ఇప్పుడు పిన్నికి పుత్తూరులో జాకెట్లు కుట్టే దుకాణం ఉంది. పోయినసారి వెళ్లినప్పుడు కొలతలు రాసుకునే కొత్త నోటు నా ముందుకు తోసి, పెన్ను చేతికిచ్చి, "దీని మీద నా పేరు నువ్వే రాయి. నీకు అలవాటేగదా," అంది. అని, పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని, ఎదురుగా నిలబడిన అమ్మాయి భుజం కొలత తీసుకోవడంలో పడింది. ఆ పేరు ఒక్కో అక్షరమే నెమ్మదిగా రాశాను.

ఆ షాపు అక్క ఎక్కడుందో తెలియదు, ఆ అరలూ లేవు, కరెంటు పోతే నిశ్శబ్దమయ్యే ఆ ఇంట్లో ఇప్పుడు మగ్గాలూ లేవు. ఇవాళ ఎవరైనా ఏ కథ కిందైనా, ఏ పేరుతోనైనా ఏమైనా రాయొచ్చు, రాసినవాళ్లను వెతుక్కుంటూ ఎవరూ గుమ్మం ఎక్కరు. నాలాంటి పిరికివాళ్లకు అది ఎంతో హాయి. ఆ వందల అభిప్రాయాలను వేలితో పైకి తోసుకుంటూ పోతున్నప్పుడు మాత్రం, అందులో ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, నెమ్మదిగా చదివి, ఇది నేనే చెప్పాను అని అందరి ముందూ నిలబడే మనిషి కోసం నా కళ్లు వెతుకుతుంటాయి.