బోణీకి పోయిన మందుల డబ్బా

దెబ్బ తగిలితే పసుపు, కడుపు నొస్తే వాము, ఆ రెంటికీ లొంగకపోతే సర్కారు దవాఖానా. మేం పెరిగిన కాలంలో, అడవి అంచున ఉన్న మా కుంట ఊళ్లో వైద్యమంటే ఇంతే. ఇప్పుడు మా అపార్టుమెంటులో ఏ పిల్లవాడి మోకాలో గీసుకుపోతే నలుగురు నాలుగు రకాల మలాములు పట్టుకుని పరిగెత్తుకొస్తారు. వాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. ఎందుకంటే ఒకప్పుడు నేను ఒక సంతంతా కాళ్లరిగేలా తిరుగుతూ, దేవుడా, ఎవరికో ఒకరికి చిన్న దెబ్బ తగిలించవయ్యా అని మొక్కుకున్నదాన్ని. (చిన్నదే అడిగాను. పెద్దది అడిగానని ఎవరైనా అంటే నమ్మకండి.)

మాది కిరాణా దుకాణం. నాన్న కుంటలో గల్లా దగ్గర కూర్చుంటే, చిన్నాయన వారానికోసారి జీపు నిండా ఉప్పు, పొగాకు, కిరసనాయిలు, పూసలు వేసుకుని గొల్లపల్లి సంతకు పోయేవాడు. చీకటి పడే వేళకు ఆ జీపు చింతపండుతో, ఇప్పపువ్వుతో తిరిగొచ్చేది. నేను వాకిట్లోనే నిలబడి ఆ వాసనను గుండెల నిండా పీల్చుకునేదాన్ని. తలకాయంత పుట్టతేనె, ఆకాశం దాకా ఎగిరే పందెం పుంజులు, దారికి అడ్డం పడుకున్న ఎలుగ్గొడ్డు, ఇలా వచ్చిన ప్రతిసారీ చిన్నాయన ఏదో ఒక కథ తెచ్చేవాడు. నాకు ఆ సంతకు పోవాలని ఎంత ఆశో చెప్పలేను. అడిగినప్పుడల్లా నాయనమ్మ ఒకటే మాట. "ఆడిపిల్లకు అడివిల తిరుగుడేందే? ఏదన్న అయితే ఎవరు జూస్తరు?" సంస్థానం పోయి అన్నేళ్లయినా జగదల్‌పూర్‌ను రాజాగారి ఊరు అనే పిలిచే మనిషి ఆవిడ. ఆవిడ మాట మా ఇంట్లో రాజాజ్ఞే.

ఆ 'ఏదన్న అయితే'కు జవాబు నాకు రాజాగారి ఊళ్లోనే దొరికింది. అక్కడ కాలేజీలో చదువుతుండగా ప్రథమ చికిత్స శిబిరం పెట్టారు. నేర్పిన బహెన్‌జీ హిందీలో గడగడా చెబుతుంటే మేం ఒకరి తలకు ఒకరం కట్లు కట్టుకుని, సాయంత్రానికి యుద్ధం నుంచి వచ్చిన దండులా తయారయ్యేవాళ్లం. సెలవులకు ఇంటికి రాగానే బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి ఖాళీ చేయించి, దాని మీద ఎర్ర రంగుతో గుర్తు వేశాను. చిన్నాయన అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిదేంది బిడ్డా, కూడిక గుర్తా?"

"మందుల డబ్బా గుర్తు చిన్నాయనా!"

"మంచిదే. దుకాణపోళ్లం, తీసివేత ఎయ్యలే, అంతే చాలు."

ఇక చూసుకోండి నా హడావిడి. దూది, గాజుగుడ్డ కట్లు, అంటించే ప్లాస్టరు, టించరు, నీలిమందు, కత్తెర, పిన్నీసుల అట్ట, కాలో చెయ్యో విరిగితే కట్టడానికి వెదురు బద్దలు, దారి తప్పితే ఊదడానికి ఈల. నాయనమ్మ పాత తెల్లచీర చింపి చెయ్యి వేలాడదీసే త్రికోణపు కట్టు కూడా కుట్టాను. చీర చింపినందుకు తిట్టాల్సిన మనిషి తిట్టకపోగా, తనూ వచ్చి డబ్బాలో ఉప్పు, ఎండుమిరపకాయలు పెట్టింది.

"ఇవెందుకు నాయనమ్మా?"

"దిష్టికే. నీ మందులకు దిష్టి పోతదా?"

ఆ పైన షరతు పెట్టింది. "ఒక్కపాలి పోయి రా. నీ డబ్బా ఎవరికన్న అక్కరకొస్తే మళ్ల పోదువు. ఉత్తగ తిరిగొస్తే మాత్రం ఇగ సంత మాట ఎత్తొద్దు." నేను ఎగిరి గంతేశాను. ఎవరికీ దెబ్బ తగలకపోతే నా పని అయిపోయినట్టేనని జీపు ఎక్కాక గానీ తట్టలేదు.

దారి పొడుగునా నా కళ్లు రోగుల కోసమే వెతికాయి. డ్రైవరు మామ (వంపు ఉన్నా లేకున్నా హారన్ కొట్టేవాడు, అందుకని హారన్ మామ) గతుకుల్లో జీపును ఎగరేసినప్పుడల్లా ఆశగా ఆయన నుదురు చూశాను. ఏమీ కాలేదు. నా నడుము మాత్రం పట్టేసింది. దానికి డబ్బాలో మందు లేదు.

సంతలో దిగగానే డబ్బా జీపు బానెట్ మీద పెట్టి, పేషెంట్లను వెతుక్కుంటూ బయలుదేరాను. అంత బరువు మోసుకు తిరగడం ఎందుకు, దొరికితే ఇక్కడికే తీసుకొద్దామని. ఒక ముసలాయన కుంటుతూ కనిపించాడు. నా ప్రాణం లేచొచ్చింది. వెంటపడి, అక్కడివాళ్ల భాష దొర్లీలో వచ్చీరాని మాటలతో అడిగితే, ఆయన గర్వంగా కాలు ఎత్తి కొత్త చెప్పులు చూపించాడు. మోకాలు గీసుకున్న పిల్ల ఒకతి దొరికింది గానీ, నా ముఖంలో ఆత్రం చూసి కెవ్వుమని వాళ్లమ్మ వెనక్కి పారిపోయింది. నులకమంచాలంత వెడల్పు నవ్వులు నవ్వుకుంటూ అందరూ సుబ్బరంగా తిరుగుతున్నారు. ఇంత ఆరోగ్యమైన సంతను నేను మళ్లీ చూడలేదు.

ఈలోగా జీపు దగ్గర ఏం జరిగిందో తర్వాత హారన్ మామ చెప్పాడు. మూటలు ఇంకా దించనేలేదట. మెడ నిండా పూసలేసుకున్న ఒక అక్క వచ్చి, తెరిచి ఉన్న డబ్బాలో మెరుస్తున్న పిన్నీసుల మీద వేలు పెట్టింది. (అక్కడి ఆడవాళ్లు పిన్నీసుల్ని దండలకు గుచ్చుకుని నగల్లా వేసుకునేవాళ్లు.) ఆ రోజుకు అదే మొదటి బేరం. బోణీకి వచ్చిన మనిషిని ఉత్త చేతుల్తో పంపడమంటే మా ఇంటావంటా లేదు. పంపితే ఆ రోజు వ్యాపారం మట్టిగొట్టుకుపోతుందని చిన్నాయనకు గట్టి నమ్మకం. అట్ట తీసి ఇచ్చేశాడు, దోసిలినిండా చింతపండు తీసుకున్నాడు. అది చూసి కొత్త చెప్పుల తాత వచ్చాడు, తెల్లటి గాజుగుడ్డ కట్టు తలపాగాకు బాగుందన్నాడు. కోడిపందేలాయన పుంజు కాలికి కత్తి కట్టడానికి ప్లాస్టరు పట్టుకుపోయాడు. ఆ చేత్తోనే నీలిమందు కూడా తీసుకుని తెల్లపుంజు తోకకు పూశాడు. దూది ఒకరు, టించరు ఒకరు, కత్తెర ఒకరు. వెదురు బద్దలు హారన్ మామే టీ కాచుకోవడానికి పొయ్యిలో పెట్టాడు.

నేను ఓడిపోయిన ముఖంతో తిరిగొచ్చేసరికి చిన్నాయన పొగాకు కట్ట తాడు కోస్తున్నాడు. "ఏం బిడ్డా, దొరికిర్రా ఎవరన్న?" అని తలెత్తి నవ్వాడు. ఆ తలెత్తడమే తప్పయింది. కత్తి జారి ముంజేతి మీద బారుగా దిగింది. నెత్తురు చివ్వుమని పొగాకు మీద పడింది.

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒక్క క్షణం నాకు సంతోషం వేసింది. మరుక్షణం చిన్నాయన ముఖం పాలిపోవడం చూసి ఆ సంతోషం ఎగిరిపోయింది. డబ్బా దగ్గరికి పరుగెత్తాను. ఉప్పు, మిరపకాయలు, ఈల.

"చిన్నాయనా! మందులేవి?"

"కోప్పడకు బిడ్డా... బోణీ..." అని నసిగాడు.

బహెన్‌జీ నేర్పిందంతా గాలికి పోయింది. చున్నీతో గాయాన్ని గట్టిగా అదిమిపెట్టి, చెయ్యి పైకెత్తి పట్టుకున్నాను. రెండో చేత్తో ఏం చెయ్యాలో తెలియక ఈల తీసి ఊదాను. ఏడుపొస్తున్నా ఆపకుండా ఊదాను. సంతంతా చుట్టూ మూగింది. తాత ఆ నెత్తురు చూసి, మాట్లాడకుండా తలపాగా విప్పాడు. పై చుట్టు మాసిపోయింది గానీ లోపలి చుట్లు తెల్లగానే ఉన్నాయి. ఎవరో టించరు సీసా నా చేతిలో పెట్టారు, ఇంకెవరో కత్తెర. కోడిపందేలాయన పుంజును చంకలో పెట్టుకుని మిగిలిన ప్లాస్టరు చుట్ట విసిరాడు. పూసల అక్క తన దండలోంచి పిన్నీసులు తీసి ఇచ్చింది. రెండే ఇచ్చింది. మిగతావి అడిగితే తల అడ్డంగా ఊపింది. న్యాయమే కదా, బేరం బేరమే.

కట్టు కట్టాను. నా జీవితంలో అదే మొదటి నిజమైన కట్టు. పక్కనున్న పుంజు తోక నుంచి కొంత నీలిమందు కూడా దానికి అంటుకుంది. నెత్తురు ఆగింది. త్రికోణపు కట్టు ఎవరి దగ్గరుందో తేలలేదు. చిన్నాయన తువ్వాలుతోనే చెయ్యి వేలాడదీశాను.

ఇంటికొచ్చే దారిలో నాకు ఒకటే భయం. ఖాళీ డబ్బా సంగతి నాయనమ్మకు తెలిస్తే సంత ఇక కలలోని మాటే. జీపు ఆగగానే ఆవిడ కొడుకు చెయ్యి చూసి గుండెలు బాదుకుంది. చిన్నాయన దర్జాగా దిగాడు.

"ఏం గాలే అమ్మా. కత్తి తగిలి తెగింది. పిల్ల డబ్బా ఉండబట్టి సరిపోయింది, లేకుంటే చెయ్యి పోయేదే."

నాయనమ్మ కట్టును దగ్గరికి తీసుకుని చూసింది. ప్లాస్టరుకు అంటుకున్న కోడి ఈక ఒకటి మెల్లగా పీకి, నా వైపు చూసింది, చిన్నాయన వైపు చూసింది.

"డబ్బాల కోడి గూడ పెట్టినవానే?" అంది. తర్వాత ఈకను వాకిట్లోకి ఊది, "సరే, వచ్చే వారానికి కట్లు జర ఎక్కువ పెట్టుకోపో" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ సెలవులే కాదు, ఆ తర్వాత ప్రతి సెలవుల్లోనూ పోయాను. ప్రతివారం డబ్బా నింపడం, ప్రతివారం చిన్నాయన బోణీ పేరు చెప్పి ఏదో ఒకటి ఇచ్చేయడం. చివరికి పిన్నీసుల అట్ట ఒకటి పూసల అక్క కోసమే వేరుగా పెట్టేదాన్ని. ఎంత బాగుండేవి ఆ రోజులు! తర్వాత పెళ్లయి ఊరు మారాను. అటు అడవిలో రోజులూ మారి, ఆ దారిన జీపులు పోవడం మానేశాయి. చిన్నాయన పోయాడు. ఆ ముంజేతి మచ్చను వచ్చినవాళ్లందరికీ మా పిల్ల కట్టిన కట్టు అని చివరిదాకా చూపించాడట.

ఇప్పుడు మా హాల్లో గోడకు మందుల పెట్టె ఉంది. మా అబ్బాయి కొనిపెట్టాడు. అన్నీ వరుసగా, సీలు కూడా తియ్యకుండా ఉంటాయి. తేదీ దాటగానే తీసి కొత్తవి పెడతాడు. దాన్ని చూసినప్పుడల్లా గొల్లపల్లి సంత మీద బెంగ పుడుతుంది. మొన్న పొద్దున్నే కింది ఫ్లాటు అమ్మాయి చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని వచ్చి, "ఆంటీ, ఒక్క పిన్నీసు ఉంటుందా?" అని అడిగింది. వంటింట్లో డబ్బానిండా ఉన్నాయి పిన్నీసులు. నేను మాత్రం గోడ దగ్గరికి వెళ్లి, కుర్చీ ఎక్కి, ఆ పెట్టె సీలు చింపాను.

"అయ్యో, కొత్తది ఎందుకు తెరిచారాంటీ!"

"బోణీ బేరం తల్లీ, కాదనకూడదు" అన్నాను. ఇంకేమైనా కావాలేమో చూసుకొమ్మని పెట్టె మొత్తం తన ముందు పెట్టాను.