గోడ వైపు సగం చాప

మా వదినె పోయిందని దవాఖానా నుంచి మా ఆయన ఫోన్ చేసినప్పుడు నేను మధ్యగది కిటికీకి పరదా లాగుతున్నాను. ఎడమ కణతలో నొప్పి అప్పుడే మొదలైంది. గోలీ అరచేతిలో ఉంది. ఫోన్ పెట్టేసి ముందు గోలీ మింగాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. ఆమె చూసి ఉంటే "మంచి పని జేసినవ్ పిల్లా" అనేది.

వదినె అంటే మా ఆయన అక్క. భర్త పోయినప్పటి నుంచి చిల్కానగర్‌లో మా ఇంటి వెనక గదిలోనే ఉండేది. నాచారంలో మసాలా పొడులు ప్యాక్ చేసే పనికి పోయేది. మా ఇద్దరికీ రక్తసంబంధం లేదు గానీ పార్శ్వనొప్పి మాత్రం ఇద్దరికీ ఉంది. నాకు ఎండతో, ఆమెకు వేయించిన ధనియాల ఘాటుతో వచ్చేది. వచ్చిన రోజు మధ్యగదిలో ఒకే చాప మీద, ఆమె గోడ వైపు, నేను తలుపు వైపు, నుదుటి మీద తడిగుడ్డలతో పడుకునేవాళ్లం. ఉప్పల్ స్టేడియంలో క్రికెట్ మ్యాచ్ ఉండి అరుపులు మా దాకా వస్తే, "ఎవడో అవుటైండు, మన పానం మీదికొచ్చింది" అనేది.

ఏదైనా సగం చేయడం ఆమె అలవాటు. బత్తాయి, సబ్బు, ఆఖరికి సమోసా కూడా. తలనొప్పి డాక్టరమ్మ మా ఇద్దరికీ సుమాట్రిప్టాన్ గోలీలు రాసిచ్చినప్పుడు వాటినీ చాకుతో కోసింది.

"సగం నీకు, సగం నాకు. మొత్తం మింగి ఎవలను ఉద్ధరిస్తం?"

అది కూడా నొప్పి తలంతా పట్టి వాంతులయ్యాకే మింగేవాళ్లం. ముందే మింగితే గోలీ దండుగని మా లెక్క. పనిచేయడం లేదని మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి పోయాం.

"నొప్పిని కూడా సగం సగం పంచుకుంటారా?" అని ఆవిడ కోప్పడింది.

"ఒక్క పక్కనే గదా డాక్టరమ్మా వస్తది. అది సగం నొప్పే!" అంది వదినె.

డాక్టరమ్మ నవ్వేసి, కాగితం మీద రాసి మరీ చెప్పింది. నొప్పి మొదలవగానే రాసిచ్చిన గోలీ పూర్తిగా మింగాలి. దానికి అసలేమీ తగ్గకపోతే అదే నొప్పికి ఇంకోటి వేసుకోకూడదు. తగ్గి మళ్లీ వస్తేనే, కనీసం రెండు గంటలాగి రెండోది. ఇరవైనాలుగు గంటల్లో రెండు దాటొద్దు. వారంలో రెండు రోజులకు మించి అవసరమైతే తన దగ్గరికి రావాలి. ఎక్కువ వాడితే ఆ గోలీయే తలనొప్పి తెస్తుంది. అప్పటి నుంచి పాల లెక్క రాసే క్యాలెండర్ మీదే మా ఇద్దరి నొప్పి రోజులూ రాసేదాన్ని.

"అన్నం పొంగేటప్పుడే మూత తియ్యాలె. ఒలికినంక తీస్తే ఏమొస్తది?" అని నేను ఆలస్యం చేసినప్పుడల్లా వదినె కసిరేది. ఆమె కసుర్లతో ఎన్ని మధ్యాహ్నాలు నాకు తిరిగి దక్కాయో.

తర్వాత మెట్లెక్కుతుంటే ఆమెకు ఛాతీ పట్టేయడం మొదలైంది. గుండె నాళం సన్నబడిందన్నారు. ఈ గోలీ నాళాలను బిగిస్తుంది కాబట్టి ఇక దాని జోలికి పోవద్దని గుండె డాక్టరు, తలనొప్పి డాక్టరమ్మ ఇద్దరూ గట్టిగా చెప్పారు. ఆమెకు పారాసిటమాల్, వాంతి గోలీ, తడిగుడ్డ మిగిలాయి.

ప్రత్యేక రాష్ట్రం వచ్చిన రోజున, ఆమెతో పనిచేసే ఆడవాళ్లంతా ఉప్పల్ చౌరస్తాలో కలుద్దామనుకున్నారు. వదినె గులాబీ రంగు చీర ఇస్త్రీ చేయించి పెట్టుకుంది. పొద్దున్నే నొప్పి వచ్చింది.

"జర నీ గోలి ఇయ్యి పిల్లా. ఇయ్యాల ఒక్కరోజే."

"వద్దు వదినె. నీ గుండెకు పడదు."

"నా గుండె సంగతి నాకెర్క లేదా? ఇన్నేండ్లు ఎదురుసూసిన." చాచిన చెయ్యి అలాగే ఉంది. "పోనీ సగమియ్యి. మనకేమన్న కొత్తనా?"

"సగం గూడ ఇయ్య."

"అయితే బీరువల వెట్టి తాళమేస్కో. అగర్బత్తి ముట్టియ్యి దానికి!" అని గోడ వైపు తిరిగింది.

తడిగుడ్డ మార్చి పక్కన పడుకున్నాను. గల్లీలో డప్పులు వచ్చాయి. అంత నొప్పిలోనూ దుప్పటి కింద ఆమె కాలి బొటనవేలు దరువుకు కదులుతోంది.

సాయంత్రం లేచింది. గల్లీలో చల్లిన గులాల్ కిటికీ గట్టు మీద కొంత పడి ఉంది. వేలితో తీసి తన నుదుటికి కొంచెం, నా నుదుటికి కొంచెం పూసింది.

"ఇదన్న సగం సగం జేస్కోవచ్చునా, మీ డాక్టరమ్మను అడగాల్నా?"

ఆ రోజు ఇవ్వకపోవడమే మంచిదైందని మా ఆయన అంటారు. నాకూ తెలుసు. ఇప్పుడు ఆమెను తీసుకుపోయింది కూడా ఆ గుండె జబ్బే. అయినా గోలీ అట్ట చింపిన ప్రతిసారీ ఆ చాచిన చెయ్యి నా ముందుకొస్తుంది.

నొప్పి మొదలవగానే మింగుతాను. పూర్తి గోలీ. పరదా లాగి, ఎప్పటిలాగే తలుపు వైపు పడుకుంటాను. చాప మధ్యకు జరగడం నాకింకా చేతకాలేదు. మొన్న ఏదో పెండ్లి బరాత్ మా గల్లీలోంచి పోయింది. డప్పు దగ్గరయ్యేకొద్దీ ఊపిరి బిగబట్టి, గోడ వైపు దుప్పటి అంచునే చూస్తూ ఉండిపోయాను.