తీసేసిన మూడు కేకలు

దెయ్యాల సంగతి ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్ళి గిన్నెలు తోముకునే రకం నేను. ఇప్పటికీ నమ్ముతున్నానని చెప్పలేను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

నరసరావుపేటలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తాను. గురజాల వైపు ఉన్న ఒక సున్నపురాయి క్వారీకి మేమొక ప్రోగ్రాం రాశాం. అక్కడ మధ్యాహ్నం భోజనాల వేళ బ్లాస్టింగ్ చేస్తారు. కూలీలంతా గేటు దగ్గర కార్డు గీకి బయటికొచ్చాక మా ప్రోగ్రాం పచ్చ లైటు వెలిగిస్తుంది. అది వెలిగితేనే తూటాలు పేలుస్తారు. లోపల మనిషి ఉండగా వెలిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

పోయిన వేసవిలో ఆ లైటు ఆలస్యంగా రావడం మొదలైంది. మేస్త్రి వీరాంజనేయులు ఫోన్ చేశాడు. "మేడం, కార్డులన్నీ బయటే ఉన్నయ్. లైటు మాత్రం రావట్లా. ఏంది సంగతి? ఓనరు మా మీద ఎగురుతన్నాడు."

చూస్తే, ఆ కాసేపూ క్వారీ కంప్యూటర్ ప్రాసెసర్ ఊపిరి సలపనంత పనిలో ఉంటోంది. ఏ పనో తెలియాలంటే ప్రొఫైలర్ పెట్టాలి. ప్రోగ్రాంలోని ఏ భాగం ప్రాసెసర్‌ను ఎంతసేపు వాడుకుంటోందో చెప్పే టూల్ అది. అందులో రెండు రకాలు. ఒకటి తేలిక రకం, పొయ్యి మీది అన్నాన్ని మధ్యమధ్య మూత తీసి చూసినట్టు అప్పుడప్పుడు తొంగి చూసి అంచనా చెబుతుంది. రెండోది ప్రతి అడుగూ రాసుకుంటుంది గానీ, దాని బరువుకి ప్రోగ్రామే నెమ్మదిస్తుంది. ప్రాణాలతో ముడిపడ్డ చోట బరువుది వద్దని తేలిక దాన్నే ఎంచుకున్నాను.

ఆఫీసు నుంచే దాన్ని నడిపాను. రిపోర్టును రెండుసార్లు చదివాను. ప్రాసెసర్ని అన్నిటికంటే ఎక్కువసేపు వాడుకుంటూ పైన ఉన్న భాగం పేరు 'మూడు కేకలు'.

అది కోటయ్యన్న రాసింది. ఆఫీసులో నాకు సీనియర్, క్వారీ కూలీ కొడుకు. పాత రోజుల్లో తూటా అంటించే ముందు ఒక మనిషి గోతి అంచున నిలబడి మూడుసార్లు కేకేసేవాడట. ప్రతి కేకకీ ఆగి, లోపల ఎవరైనా పలుకుతారేమోనని వినేవాడట. అన్న వాళ్ళ నాన్న పని అదే. అందుకని అన్న తన గొంతే రికార్డు చేసి, గోతిలో స్పీకరూ మైకూ పెట్టించి, కేకేసి మనిషి అలికిడి కోసం వినేలా ఆ భాగం రాశాడు. తర్వాత అన్న జబ్బుచేసి పోయాడు. కార్డులు వచ్చాక, ఇక ఇది అక్కర్లేదన్నాడు ఓనరు. స్పీకరూ మైకూ పీకేశారు. ఆ భాగాన్ని ప్రోగ్రాంలోంచి తీసేసింది నేనే.

కోడంతా వెతికాను, లేదు. ప్రోగ్రాంను మొత్తం చెరిపేసి కొత్తగా ఎక్కించాను. మర్నాడూ అదే పేరు.

నాతో పనిచేసే అనిల్ కొట్టిపారేశాడు. తొంగి చూసే టూల్ ఒక్కోసారి పేర్లు తప్పు చెబుతుందని, ఈసారి బరువుదే పెడదామని పట్టుబట్టాడు. మనమే దగ్గరుండి చూసుకుందామని ఇద్దరం క్వారీకి వెళ్ళాం.

ఆ రోజు లైటు ఠక్కున వెలిగింది. రిపోర్టులో 'మూడు కేకలు' లేదు. అనిల్ సంతోషంగా లాప్‌టాప్ మూసేశాడు. మేస్త్రి తూటాల వాళ్ళకి చెయ్యెత్తబోయాడు.

నాకు మనసొప్పలేదు. బరువు టూల్ పెట్టి నెమ్మదించాల్సిన రోజున ప్రోగ్రాం అంత చురుగ్గా ఎలా నడిచింది? రెండు టూల్స్‌లో ఏదో ఒకటి అబద్ధం చెబుతోంది. ఏదో తేలకుండా పేల్చొద్దని, ఒక్కసారి పాత పద్ధతిలో కేకేయమని మేస్త్రిని బతిమాలాను. అనిల్ విసుక్కున్నాడు. మేస్త్రి మాత్రం గోతి అంచుకి నడిచాడు.

మొదటి కేకకి ఎవరూ పలకలేదు. రెండో కేకకీ అంతే. మూడో కేకకి, రాళ్ళ కుప్ప వెనక నీడలోంచి బ్రహ్మం అనే కూలీ కళ్ళు నులుముకుంటూ లేచాడు.

పిల్లవాడికి జ్వరమట, రాత్రుళ్ళు నిద్ర లేదట. కొన్నాళ్ళుగా భోజనాల వేళ కాసేపు అక్కడే నడుం వాలుస్తున్నాడట. అతని కార్డు బావమరిది గీకేశాడు. ఆకలి మీద నలుగురి కార్డులూ ఒకరే గీకెయ్యడం అక్కడ మామూలేనని అప్పుడు తెలిసింది.

"ఒరేయ్, సచ్చేవాడివి గదరా!" అని మేస్త్రి అతని భుజాలు పట్టుకుని కుదిపేశాడు.

"రోజూ మొదటి కేకకే లేసొచ్చేవాణ్ణి మేస్త్రీ. ఇయాల ఆ కేకే ఇనపళ్ళా."

"ఎవడ్రా రోజూ కేకేసేది? అది మానేసి చానా కాలమైందిగా."

కోటయ్యన్న టెస్టింగ్ కోసం పంపిన పాత రికార్డింగ్ నా ఫోన్‌లో ఉంది. దాన్ని పెట్టాను.

"ఈయనే," అన్నాడు బ్రహ్మం. "ఇయాల రాలేదేం మేడం?"

బ్రహ్మం పనిలో చేరింది స్పీకర్ పీకేశాకే. కోటయ్యన్న గొంతు అతను విని ఉండే అవకాశమే లేదు. పాత పేరు ఏ ఫైల్లోనో మిగిలిపోయి ఉంటుందని అనిల్ అంటాడు. ఉంటే ఉండొచ్చు. స్పీకర్ లేని గోతిలో గొంతు ఎలా వినిపించిందో అతనూ చెప్పలేడు, నేనూ చెప్పలేను.

ఆ సాయంత్రమే ఆ భాగాన్ని తిరిగి పెట్టాను. స్పీకరూ మైకూ మళ్ళీ బిగించారు. పచ్చ లైటు ఇప్పుడూ ఆలస్యంగానే వస్తుంది. ఎందుకని ఎవరూ ఫోన్ చేయరు.