వైరు పీకినందుకు మొదటి ముద్దాయి

ఆమెకు యాభై మూడేళ్ళు. పట్టణానికి నీళ్ళు శుద్ధి చేసి పంపే కేంద్రంలో ఇరవై ఆరేళ్ళుగా ఆపరేటరు. పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ, అందరికీ ఆమె నీళ్ళక్క. పంపు చప్పుడులో రవ్వంత తేడా వస్తే చాలు, తాగుతున్న టీ పక్కన పెట్టి లేచేది. "దాని దగ్గు విన్నారా? బేరింగు పోతోంది" అనేది. అన్నట్టే పోయేది.

కంప్యూటరు వచ్చాక ఆ చెవికి విలువ తగ్గింది. ఏ ట్యాంకులో ఎన్ని నీళ్ళున్నాయో, క్లోరిన్ ఎంత కలుస్తోందో అంతా తెర మీదే. ఇంజనీరు ఇంకో అడుగు ముందుకు వేసి, ఇంట్లో కూర్చుని కూడా దాన్ని నడిపేలా ఏర్పాటు చేయించుకున్నాడు. ముగ్గురు ఆపరేటర్లకూ తనకూ కలిపి ఒకటే పాస్‌వర్డు. అదీ చీటీ మీద రాసి తెర అంచుకు అంటించాడు.

"ఊరంతా తాగే నీళ్ళు సార్. తాళం వేసి చెవి గుమ్మానికే వేలాడదీసినట్టుంది" అందామె.

"నీళ్ళ మీద ఎవడికమ్మా అంత పగ?" అని నవ్వేశాడు.

ఒకరోజు ఉదయం పది దాటాక ఆమె రిజిస్టరు రాసుకుంటుంటే, తెర మీద బాణం గుర్తు తనంతట తానే కదిలింది. చూస్తుండగానే క్లోరిన్ మోతాదు రెండు నుంచి ఇరవైకి మారింది. వెంటనే ఇంజనీరుకు ఫోన్ చేసింది.

"మోతాదు మారుస్తోంది మీరేనా సార్?"

"నేను పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూర్చున్నా. ఏం మోతాదు?"

ఆమె ఫోన్ బల్ల మీద పడేసి కంప్యూటరు వెనక నెట్ వైరు పీకేసింది. మెట్లు దిగి క్లోరిన్ గదికి పరుగెత్తి, రెండు చేతులతో చక్రం తిప్పి వాల్వు కట్టేసింది. ఊరికి నీళ్ళు పంపే పంపులు ఆపింది. ట్యాంకులో ఉన్న నీళ్ళన్నీ కాలవలోకి వదిలేశారు. ఎవరికీ ఏమీ కాలేదు.

గంటలో ఇంజనీరు వాచిన చెంపతో వచ్చాడు. ముందు తెరకున్న చీటీ ఊడబెరికి జేబులో వేసుకున్నాడు. తరువాత ఆమెను పక్కకు పిలిచాడు.

ఆ ఏడాదే కొత్త చట్టం వచ్చింది. నీళ్ళు, కరెంటు, ఆసుపత్రులు, ప్రభుత్వ కార్యాలయాల కంప్యూటర్ల మీద దాడి చేసినా, వాటి పనికి అడ్డు తగిలినా పదేళ్ళ దాకా జైలు. దాడి జరిగిన రోజే పోలీసులకు చెప్పాలి. చెప్పకుండా దాచిన అధికారికీ శిక్షే.

"పొరపాటున ఒక సున్నా ఎక్కువ కొట్టానని రాసియ్యి. నీకో మెమో వస్తుంది, అంతే. దాడి అని రాస్తే అజాగ్రత్త ఎవరిదని నా పీకల మీదకొస్తారు" అన్నాడు.

అతని నోట్లోంచి పళ్ళ మందు కంపు కొట్టింది. ఆమె ఒక అడుగు వెనక్కి జరిగింది.

"పన్ను పీకారు గానీ పురుగు లోపలే ఉండిపోయింది సార్" అని, కాగితం తోసేసి ఇంటికి వెళ్ళింది.

భర్త దర్జీ. సంగతి వింటూ మిషను ఆపాడు. "సంతకం పెట్టావా?"

"పెట్టలేదు."

"అయితే చెప్పులు విప్పకు. పద స్టేషనుకు."

వెళ్ళేసరికే ఆలస్యమైపోయింది. ఆమె లొంగదని తెలిసిన ఇంజనీరు మాట మార్చి, దాడి జరిగిందని, ఆమె మీదే అనుమానమని అరగంట ముందే ఫిర్యాదు ఇచ్చాడు.

"దాడి జరిగింది మీ షిఫ్టులో. వైరు పీకింది మీరేనట. పనికి అడ్డు తగలడమంటే అదేగా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"పీకకపోతే ఆ నీళ్ళు మీ ఇంటి కుళాయికీ వచ్చేవి బాబూ."

"అది కోర్టులో చెప్పుకోండి."

అలా కొత్త చట్టం కింద మొదటి కేసులో మొదటి ముద్దాయి ఆమే అయింది. ఉద్యోగం నుంచి సస్పెండు చేశారు. నీళ్ళలో విషం కలిపిందట అని వీధిలో గుసగుసలు. పై వాటా ఆవిడ, ఈమె కుళాయి దగ్గర బిందె నింపుకుని పక్కకు జరిగాక, కాసేపు నీళ్ళు వృథాగా పారనిచ్చి అప్పుడు తన బిందె పెట్టేది. ఇరవై ఆరేళ్ళు ఆ వీధి గొంతులన్నీ తడిపింది ఈమే.

నాలుగు నెలలకు నిజం తేలింది. ఎవరో పరాయి దేశం నుంచి, ఇంజనీరు ఇంటి కంప్యూటరులో దూరి, అక్కణ్ణుంచి కేంద్రంలోకి వచ్చారు. మోతాదు మారిన నిమిషంలోనే ఆమె ఇంజనీరుకు చేసిన ఫోన్ కూడా లెక్కలోకి వచ్చింది. "వైరు పీకడం అడ్డు తగలడమైతే, మంట ఆర్పడం కూడా నేరమే" అని జడ్జి కేసు కొట్టేశాడు. ఆమెను మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకున్నారు. దాడి చేసినవాడు దొరకలేదు. ఇంజనీరుకు మెమో ఇచ్చారు. ఆ మెమో మీది సిరా ఆరకముందే, అతన్ని సిబ్బందికి కొత్త చట్టం మీద అవగాహన కలిగించే కమిటీలో వేశారు.

పై వాటా ఆవిడ పళ్ళికిలిస్తూ పలకరించింది. నీళ్ళక్క మొహం తిప్పుకుంది.

"ఇంకా కోపమేనా?" అన్నాడు భర్త.

"కోపమైతే ఈపాటికి చల్లారేది. ఇది రోత."

శాఖ నుంచి అభినందన పత్రం వచ్చింది. 'పై అధికారి సూచనల మేరకు సమయస్ఫూర్తితో వ్యవహరించినందుకు' అని ఉంది అందులో. ఆమె రెండుసార్లు చదివింది. కింద ఎర్ర సిరాతో 'ఏ అధికారి? ఏ సూచన?' అని రాసి, అదే కవరులో పెట్టి తిప్పి పంపింది. సోమవారం ఉదయం షిఫ్టుకు వెళ్ళి పంపులు ఆన్ చేసింది.